పరరూపమున ఒక వత్సరము

గంధర్వలోకమునకో యక్షలోకమునకో అనుకోని విధముగా చేరిన పడుచువాని కథ యనగానే మనకు మొదట స్ఫురించునవి రత్నదీపములును, వాడని పూదండలును, షడ్రసోపేతమైన విందులును, తెల్లవార్లు సాగు నృత్యగానములును. కాశీమజిలీ కథలు చదివి పెరిగినవారికి ఇవి యన్నియు చిరపరిచితములు. అట్టి లోకమున చిక్కుకొన్నవానికి సుఖములతోపాటు బాధ్యతలు కూడ నుండుననియు, అవి ఇంటివద్ద రాజునకో గృహస్థునకో ఉండు బాధ్యతలకంటె కఠినతరములనియు, చూచు సాక్షి యొక్కడును లేనిచోట వానిని నిర్వర్తింపవలసి వచ్చుననియు చెప్పిన కథలు తక్కువ. ఆ తక్కువవానిలో మిక్కిలి గొప్పదిగా నాకు తోచునది వేల్సు దేశపు తరుణప్రభువు పుయిల్ కథ.

వేల్సు, ఐర్లండు, స్కాట్లండు దేశముల జనులు నమ్మిన ఆ అన్యలోకము మన స్వర్గమువలె మేఘములపైన లేదు. ఐరిష్ కథలలో అది పచ్చిక మొలిచిన గుట్టల క్రిందనో పడమటి సముద్రమునకు ఆవలనో ఉండును. వేల్సు కథలలో అడవిలో ఒక లోయ దాటినంతనే కానవచ్చును. అచటి జనులు పిల్లల బొమ్మల పుస్తకములలోని రెక్కల చిట్టి కన్నియలు కారు. ఆ రూపము ఇటీవలి శతాబ్దముల చిత్రకారులు ప్రచారము చేసినది. పాత కథలలోని అన్యలోకవాసులు మన యంతటి ఆకారము గలవారు. వారికిని రాజులు, కొలువులు, వేటలు, సరిహద్దు తగవులు, పొరుగు శత్రువులు తప్పలేదు. వారు మనకంటె మిన్నయైనది రూపసంపదయందును, ఐశ్వర్యమునందును, అన్నిటికంటె ముఖ్యముగా ఆడినమాటను తూకము వేసి పట్టుకొను నిక్కచ్చితనమునందును. కావుననే ఆ లోకమున కాలిడిన మానవుడు ఏమి తినెను, ఏమి పలికెను, దేనిని ముట్టెను అనునవి కథకు ప్రాణములైనవి.

పుయిల్ కథ వేల్సు భాషలో మాబినోగి అను పేర వెలసిన నాలుగు కథలలో మొదటిది. 14వ శతాబ్ది మధ్యకాలమున వ్రాయబడిన రిడర్ఖ్ శ్వేతగ్రంథమునందును, ఆ శతాబ్ది చివరిభాగమున వ్రాయనారంభించిన హెర్గెస్ట్ రక్తగ్రంథమునందును ఇది దొరకుచున్నది. మొదటిది అబెరిస్ట్‌విత్ పట్టణమున వేల్సు జాతీయ గ్రంథాలయమునందును, రెండవది ఆక్స్‌ఫర్డున బాడ్లియన్ గ్రంథాలయమునందును భద్రముగా నున్నవి. కథలు మాత్రము ఆ వ్రాతప్రతులకంటె ప్రాచీనములని పండితుల నిర్ణయము. డౌలైస్ ఇనుప కర్మాగారపు యజమాని యిల్లాలై, పదిమంది బిడ్డల తల్లియై, వేల్సు భాష నేర్చుకొని, 1838 నుండి 1849 వఱకు వీనిని ఆంగ్లానువాదముతో సంపుటములుగా వెలువరించిన లేడీ షార్లెట్ గెస్ట్ పుణ్యమున ఇవి వేల్సు ఎల్లలు దాటినవి.

పుయిల్ డవెడ్ రాజ్యమునకు ప్రభువు. వేల్సునకు నైరృతి మూలను సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన ఏడు సీమల భూభాగమది. నేటి పెంబ్రోక్‌షైర్ మండలములోని నార్బెర్త్ పట్టణమునకు ఆనాడు ఆర్బెర్త్ అని పేరు, అదియే యాతని ముఖ్యస్థానము. ఒకనాటి వేకువను గ్లిన్ కీఖ్ లోయలో వేటాడుచు తోడివారిని ఎడబాసి ఒంటరియైన పుయిల్‌కు తన జాగిలముల మొఱుగులు గాక వేఱొక గుంపు మొఱుగులు వినవచ్చినవి. చెట్లు తొలగిన బయలున ఆ పరాయి జాగిలములు ఒక దుప్పిని పడవైచి యుండెను. వాని మేనులు మెఱయు తెలుపు, చెవులు ఎఱుపు. ఆ రెండు వన్నెలు కలిసి కనబడినచోట అన్యలోకము చేరువనున్నదని వేల్సు శ్రోతకు చెప్పనక్కఱలేదు. పుయిల్‌కు తట్టలేదో, తట్టియు లెక్కచేయలేదో, ఆ జాగిలములను తరిమివైచి తన వానిని దుప్పిపై నుసికొల్పెను.

అంతలో ధూసరాశ్వము నెక్కి, మెడనుండి కొమ్ముబూర వ్రేలాడ, ఒక రౌతు వచ్చెను. నీవెవరవో ఎఱుగుదును గాని నీకు వందనము చేయనని అతడు మొదటనే చెప్పెను. దుప్పిని కూల్చిన కుక్కలను తోలి నీ కుక్కలకు మేత పెట్టుకొనుట కంటె అమర్యాద నేనెన్నడును చూడలేదనియు, నీపై కత్తి దూయను గాని నూఱు దుప్పుల వెలకు సరిపోవు అపకీర్తిని నీకు అంటగట్టుదుననియు పలికెను. అతడు అన్నూన్ అను అన్యలోకమునకు రాజు, అరౌన్.

ఇంతపాటి తప్పునకు ఇంత ఆగ్రహమా యని పాఠకునకు తోచవచ్చును. కాని కథ యంతయు ఈ చిన్న దురాశపై నిలిచియున్నది. ఎవరును చూడరనుకొన్నచోట పుయిల్ పరుని సొత్తును తనదిగా వాడుకొనెను. దానికి ప్రాయశ్చిత్తముగా, ఎవరును గుర్తింపలేనిచోట, పరుని సొత్తు తన చేతికందియుండగా ఒక సంవత్సరము దానిని ముట్టక కావలియుండవలసి వచ్చినది. కథకుడు ఈ సంబంధమును ఎచ్చటను విప్పి చెప్పలేదు. చెప్పకపోవుటయే వాని ప్రజ్ఞ.

నీ స్నేహమును ఏ విధమున సంపాదింతునని పుయిల్ అడిగినపుడు అరౌన్ విధించిన ఒడంబడిక ఇట్టిది. అన్నూన్‌లోనే హవ్‌గాన్ అను పొరుగు రాజు తనపై నిరంతరము దండెత్తుచున్నాడు, వానిని వదిలింపవలెను. అందులకై పుయిల్ నేటి రాత్రి మొదలు సరిగా ఒక సంవత్సరము అరౌన్ రూపము దాల్చి అన్నూన్‌ను ఏలవలెను; అరౌన్ పుయిల్ రూపమున డవెడ్‌ను ఏలును. సంవత్సరాంతమున రేవువద్ద హవ్‌గాన్‌తో ద్వంద్వయుద్ధము జరుగును. అందు ఒక్క దెబ్బ మాత్రమే కొట్టవలెను. వాడు ఎంత వేడినను రెండవ దెబ్బ కొట్టరాదు. పూర్వము తాను ఎన్ని దెబ్బలు కొట్టినను మఱునాటికి హవ్‌గాన్ యథాప్రకారము యుద్ధమునకు నిలిచెనని అరౌన్ చెప్పెను. ఇక అంతఃపురమున తనకంటె సుందరి యెందును లేని స్త్రీ ప్రతిరాత్రియు నీ ప్రక్కన శయనించుననియు, శయ్యాగృహపు సేవకుడు గాని పరివారములో మఱెవ్వరు గాని నీవు నేను కావని గుర్తింపలేరనియు అతడు స్పష్టముగా పలికెను.

ఈ చివరి వాక్యమున గల సూక్ష్మమును గమనింపవలెను. అరౌన్ రాజ్యమును గూర్చి షరతు పెట్టెను, యుద్ధమును గూర్చి షరతు పెట్టెను. భార్యను గూర్చి ఏ షరతును పెట్టలేదు. పైపెచ్చు, ఆమెను ఇచ్చుచున్నట్లుగనే మాటాడెను. అనగా పుయిల్ తలకెత్తుకొన్న మూడు భారములలో రెండు ఒడంబడికలోనివి, మూడవది ఒడంబడికలో లేనిది. మొదటి రెంటిని నెఱవేర్చినవాడు మాటదప్పనివాడనిపించుకొనును. మూడవదానిని తనంతట తాను తెలిసికొని నెఱవేర్పవలసియున్నది, దానిని నెఱవేర్చినట్లు చూపుటకు వాని యొద్ద సాక్ష్యమేదియు నుండదు. నాయకుని యోగ్యతకు కథకుడు పెట్టిన పరీక్ష రేవువద్ద లేదు, పడకగదిలో నున్నది.

అరౌన్ తోడు వచ్చి, రాజప్రాసాదము కనుచూపుమేరకు రాగానే, ఈ కొలువు నీదే యని చెప్పి మరలిపోయెను. పుయిల్ లోనికి పోగా సేవకులు మేజోళ్లు విప్పిరి, ఇద్దఱు యోధులు వేట దుస్తులు తొలగించి జరీపట్టు తొడిగిరి, పరివారము బారులుతీరి వందనమాచరించెను. విందున రాణి ఒక ప్రక్కన, ఒక సామంతుడు మఱియొక ప్రక్కన కూర్చుండిరి. రాణితో సంభాషించిన కొలదియు ఆమె వంటి సౌమ్యశీలయు మాటకారియు లేదని పుయిల్‌కు తోచెను. భూమిపై తాను చూచిన కొలువులన్నిటిలో ఇంత సువర్ణపాత్రలు, ఇంత అన్నపానసమృద్ధి ఎచ్చటను లేవు. తరువాత పడకకు పోయిరి. పడకపై మేను వాల్చినంతనే అతడు ఆమెకు వీపు త్రిప్పి, మంచపు అంచువైపు ముఖముంచి, తెల్లవారువఱకు ఒక్క మాటయు పలుకలేదు. తెల్లవారగనే మరల ఆదరముతోను చనవుతోను మాటలాడెను. పగటి చనువు ఎంత పెరిగినను ఏ రాత్రియు మొదటి రాత్రికంటె భిన్నముగా గడవలేదు.

వేటలు, పాటలు, విందులు, స్నేహసల్లాపములు అను నాలుగు మాటలలో కథకుడు ఆ సంవత్సరమును ముగించివైచెను. ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. పుయిల్ నిగ్రహమును మెచ్చుకొను విమర్శకులు ఆ రాణి సంగతి తఱచుగా విస్మరింతురు. కారణమేమో తెలియక, పగలు ప్రియముగా మాటాడు భర్త రాత్రి ఎందులకు వీపు త్రిప్పుచున్నాడో అడుగను లేక, ఒక సంవత్సరము ఆమె ఏమి యనుభవించియుండునో! కథకుడు మాత్రము విస్మరింపలేదు. అరౌన్ తిరిగివచ్చిన రాత్రి ప్రేమతో ఆమెను పలుకరింపగా ఆమె బదులు పలుకదు. మూడు మారులు పిలిచినను మౌనముననే యుండి, తుదకు, నిన్నటి రాత్రికి సంవత్సరమైనది, పడకపై దుప్పటి కప్పుకొన్న క్షణము మొదలు మన నడుమ ముద్దు మాట యటుంచి ముఖము త్రిప్పి చూచుటయు లేదు, ఈనాడు నేనేల మాటాడవలెనని అడుగును. పుయిల్ సచ్చరిత్రకు ఈ లోకమున గాని ఆ లోకమున గాని దొరకిన సాక్ష్యము ఆ కోపమొక్కటియే. ఒకని ధర్మనిష్ఠ మఱియొకరి ఫిర్యాదు రూపమున బయటపడుట ఎంత సహజముగానున్నదో, ఎంత కరుణాస్పదముగా నున్నదో! అరౌన్ మొదట తన మనసున ఆ మిత్రునికి మ్రొక్కి, పిమ్మట ఆమెకు జరిగినదంతయు చెప్పెను. ఆమెయు శాంతించి, దేహవాంఛను జయించుటయందును మాట నిలుపుటయందును నీకు గట్టి చెలికాడు దొరకినాడని యొప్పుకొనెను.

రేవువద్ద పరీక్ష పైకి చూచుటకు సులభమైనది. ఇది ఇద్దఱు రాజుల తగవు, ఇరువుర దేహముల నడుమనే తేలవలెను, తక్కినవారు దూరముగా నిలువవలసినదని ఒక యోధుడు చాటినాడు. మొదటి తాకుననే పుయిల్ హవ్‌గాన్ డాలును నడిమికి కొట్టగా అది రెండై, కవచము పగిలి, హవ్‌గాన్ గుఱ్ఱపు వెనుకభాగము మీదుగా బల్లెమంత దూరమున ప్రాణాంతకమైన గాయముతో పడిపోయెను. అంతట వాడు దీనముగా, నన్ను చంపుటకు నీకు ఏ అధికారము కలదు, నేను నీకు ఏ యపకారమును చేయలేదే, మొదలిడితివి గావున ముగింపుమని వేడెను. కొనప్రాణముతో కొట్టుకొనుచున్నవాని బాధను తీర్చుట దయ యని ఎవనికైనను తోచును. పుయిల్ మాత్రము, చేసినదానికి నేను పశ్చాత్తాపపడవచ్చును గాని నిన్ను చంపువానిని వేఱొకని వెదకుకొనుమని దూరముగా తొలగిపోయెను. దయవలె కనబడు రెండవ దెబ్బయే శత్రువునకు ప్రాణము పోయునది. మన పురాణములలో రక్తబీజుని నెత్తుటి బొట్టు నేలబడినకొలది కొత్త రాక్షసుడు పుట్టుటయు ఈ జాతి భావమే; కాని అచట దేవి నెత్తురు నేలబడకుండ చూడవలసివచ్చినది, ఇచట మానవుడు తన చేతిని తాను పట్టుకొనవలసివచ్చినది. మఱునాటి మధ్యాహ్నమునకు రెండు రాజ్యములును పుయిల్ చేతిలో నుండెను. వానిని అరౌన్‌కు అప్పగించి, గ్లిన్ కీఖ్ లోయలో రూపములు మార్చుకొని, పుయిల్ ఇల్లు చేరెను.

ఇంటికి చేరిన పుయిల్ చేసిన మొదటి పని నాకు మిక్కిలి నచ్చును. సభ పిలిపించి, గడచిన సంవత్సరమున నా పాలన వెనుకటితో పోల్చిన ఎట్లుండెనని పెద్దలను అడిగెను. ప్రభూ, మీ వివేకము ఇంతకుముందెన్నడును ఇంతటిది కాదు, మీరు ఇంత ఉదారులుగను ఇంత దయాళువులుగను ఎన్నడును లేరని వారు బదులు చెప్పిరి. మఱియొక రాజైనచో ఆ పొగడ్తను మౌనముగా స్వీకరించియుండును. పుయిల్ జరిగినది జరిగినట్లు చెప్పి, ఆ కృతజ్ఞత మీతో నున్నవానికి చెందవలసినదని తేల్చెను. వెంటనే పెద్దలు, అట్లయిన ఆ సంవత్సరపు పాలనను మాకు తగ్గింపకుమని కోరిరి. తగ్గింపనని అతడు మాట యిచ్చెను. పరలోకమున పరుని బాధ్యత మోసివచ్చినవానికి ఇంటివద్ద కొత్తగా ఒక బాధ్యత దొరకినది: తన రూపమున పరుడు చూపిన మంచితనమునకు తాను సరితూగుట. నాటినుండి అతనికి అన్నూన్ అధిపతి యను బిరుదు స్థిరపడెను. ఇరువురు రాజులును గుఱ్ఱములు, జాగిలములు, డేగలు కానుకలుగా పంపుకొనుచు చిరకాల మిత్రులైరి.

ఈ కథను చదివిన తెలుగువానికి మనుచరిత్ర స్మరణకు రాకపోదు. మార్కండేయ పురాణమునందలి స్వారోచిష మనుసంభవమును గ్రహించి అల్లసాని పెద్దన శ్రీకృష్ణదేవరాయలకు అంకితమిచ్చిన ఆ ప్రబంధమున, వరణా నదీతీరమునందలి అరుణాస్పదపురవాసియగు ప్రవరుడు, సిద్ధుడిచ్చిన పాదలేపము మహిమచే హిమవత్పర్వతమునకు ఎగిరిపోయి, మంచు తాకి లేపము కరగిపోగా తిరిగిపోవు దారి తెలియక చిక్కువడెను. అచట కనబడిన అప్సరకాంత వరూధిని ఊరికి దారి చెప్పదు, తన్ను స్వీకరింపుమనును. ప్రవరుడు కూడ పడుచువాడే, చిక్కువడినవాడే, చూచు సాక్షి లేనివాడే. కాని వాని బాధ్యతలన్నియు ఇంటివద్ద నున్నవి: వేళ తప్పరాని అగ్నిహోత్రము, వృద్ధులగు తల్లిదండ్రులు, ఎదురుచూచు ఇల్లాలు, ఆకలిగొని వచ్చు అతిథులు. ఉన్నచోటికి వాడు ఋణపడలేదు, అచట వానికి నెఱవేర్పవలసిన పని యేదియు లేదు. కావున ఎంత త్వరగా వెడలిన అంత ధర్మము. అగ్నిదేవుని ప్రార్థించి ఆ సాయంకాలముననే ఇల్లు చేరుకొనెను. పుయిల్‌కు అట్లు వెడలిపోవుటయే అధర్మమగును. ఇరువురును స్త్రీని ముట్టలేదు; ఒకడు ఇంటికి కట్టువడి ముట్టలేదు, మఱియొకడు ఆతిథ్యమిచ్చినవానికి కట్టువడి ముట్టలేదు.

ఇంతవఱకు పోలిక సామాన్యమే. ఆశ్చర్యము కలిగించునది తరువాతి భాగము. ప్రవరుడు వెడలిన పిమ్మట, పూర్వము వరూధినిచే తిరస్కరింపబడిన గంధర్వు డొకడు ప్రవరుని రూపము దాల్చి వచ్చి, సంగమవేళ కన్నులు మూసికొనవలెనను నియమము పెట్టి, ఆమెను వంచించి పొందును. అనగా వేల్సు కథలో మానవుడు అన్యలోకవాసి రూపము ధరించి ఆ రూపమునకు అందివచ్చిన భోగమును వదలుకొనెను. మన కథలో అన్యలోకవాసి మానవుని రూపము ధరించి ఆ మానవుడు వదలుకొన్న భోగమును దొంగిలించెను. రూపము ఎరువు తెచ్చుకొన్నది, దానితో ఏమి చేయవలెనన్నది ఎరువు తెచ్చుకొన్నవాని గుణము. అయినను పెద్దన కథ ఆ వంచకుని దండింపదు. ఆ కలయికవలన స్వరోచి పుట్టుటయు, వాని కుమారుడు రెండవ మనువగుటయు ప్రబంధమునకు ఫలితము. సృష్టిక్రమము సాగుటకు ధర్మాత్ముడు ఇల్లు చేరుటయు మాయావి అచట నిలుచుటయు రెండును కావలసివచ్చినవి! వేల్సు కథకుడు ఈ రాజీకి ఒప్పుకొనడని నా నమ్మకము.

తక్కిన దేశములలో ఇట్టి పడుచువానిపై పడు నియమములు కొంత పొట్టివి, కొంత మొఱకువి. 1814లో జేమీసన్ ప్రకటించిన స్కాట్లండు కథలో, సోదరిని విడిపింప పోవు రోలండు ఆ లోకమున ఒక్క ముద్ద తినరాదు, ఒక్క చుక్క త్రాగరాదు. అంతటితో పోనీక, దారి చెప్పిన గుఱ్ఱపు కాపరి మొదలు తనతో మాటాడిన ప్రతివాని తలయు నఱకవలెను. అన్నము మానుట మనకు అర్థమగును గాని దారి చెప్పినవాని తల తీయుట బాధ్యత యన్నచో మ్రింగుడుపడదు. ఎర్సిల్డూన్ థామసుపాటలో నియమము ఒక్కటే, మౌనము. ఏడేండ్లు ఒక్క పలుకు పలికినను మరలి రాలేడు. ఐరిష్ ఓషీన్ కథ మాత్రము వేఱు జాతిది. 18వ శతాబ్దిలో మీహాల్ కొమిన్ పాటగా కట్టిన ఆ గాథలో, నీవ్ అను బంగారుకురుల కన్యతో పడమటి సముద్రము దాటి నిత్యయౌవన ద్వీపమున మూడు వందల యేండ్లు గడపిన ఓషీన్ స్వదేశము చూడగోరి తెల్లగుఱ్ఱముపై వచ్చును. కాలు నేల మోపరాదని నీవ్ ముమ్మాఱు హెచ్చరించియుండెను. డబ్లిన్ చెంతనున్న గ్లెనస్మోల్ లోయలో కొందఱు ఒక బండను ఎత్తలేక నలిగిపోవుచుండుట చూచి, జీనుపై నుండియే వంగి ఒక్క చేత దానిని నెట్టును. నడికట్టు తెగి క్రింద పడి, క్షణములో చూపులేని ముదుసలియగును. ఇతడు కోరికవలన చెడలేదు. అన్యలోకపు నియమమును, బలహీనుని చూచినపుడు చేయి చాచు వీరధర్మమును ఒక్కసారి ఎదురుపడగా రెండవదానికి లొంగెను. దీనిని తప్పనుటకు నాకు నోరు రాదు.

పుయిల్‌కు తిరిగి వత్తము. అన్నూన్‌లో ఒక సంవత్సరము నోరు కట్టుకొన్న ఆ ప్రభువు, స్వంత వివాహపు విందులో, కాబోయే మామగారి యింట, ఒక యాచకుడు వచ్చి వరమడుగగా, నా శక్తిలోనున్నది ఏదైనను ఇత్తునని అనెను. వచ్చినవాడు గ్వౌల్ అను పూర్వవరుడు. అడిగినది పెండ్లికూతురు రియానన్‌ను. కైకకు దశరథుడిచ్చిన మాట వంటిదే యిది. ఇంతటి మందమతిని ఎచ్చటను చూడలేదని రియానన్ విసుగుకొని, తానే ఉపాయము పన్ని, పెండ్లిని మరల ఒక సంవత్సరము వాయిదా వేయించి, పుయిల్‌కు ఎంత పోసినను నిండని సంచి యొకటి ఇచ్చెను. గడువునాటికి పుయిల్ చింపిరిగుడ్డల బిచ్చగాడై వచ్చి, సంచిని నింపుటకు ఒక కులీనుడు లోపల కాళ్లతో అన్నమును త్రొక్కవలెనని చెప్పి, గ్వౌల్‌ను అందులో మూటకట్టెను. పుయిల్ అనుచరులు వచ్చినవారు వచ్చినట్లు ఆ మూటపై ఒక్కొక్క దెబ్బ వేసిరి. అన్నూన్‌లో ఒక్క దెబ్బతో ఆగినవాడు ఇచట ఎన్ని దెబ్బలు పడినను ఆపలేదు.

ఆ పద్దు వాని కుమారుని పేర వ్రాయబడెను. మాబినోగి మూడవ కథలో, పుయిల్ గతించిన పిమ్మట, డవెడ్ పై మంచు క్రమ్మి, జనులును పశువులును మాయమై, పుయిల్ కుమారుడు ప్రిదేరి, వాని భార్య కిగ్వా, తల్లి రియానన్, ఆమెను పునర్వివాహము చేసికొన్న మనవిడన్ అను నలుగురే మిగిలిరి. ఒకనాడు తెల్లని అడవిపందిని తఱుముచు జాగిలములు ఎన్నడును లేని కోటలో చొచ్చెను. పోవలదని మనవిడన్ వారించినను, జాగిలములను వదలలేక ప్రిదేరి లోనికేగి, గొలుసులతో వ్రేలాడు బంగారు గిన్నెను ముట్టగా చేతులతికిపోయి, కాళ్లు కదలక, మాట పడిపోయెను. కొడుకును వెదకవచ్చిన తల్లికిని అదే గతి పట్టెను. ఉఱుముతో కోట అదృశ్యమయ్యెను. చిక్కువడిన యువకునికి ఇచట చేయగల పని ఏదియు లేదు. వాని బాధ్యత బయటనున్నవానిపై పడినది. ఒంటరిగా మిగిలిన కిగ్వా భయపడి ఏడ్వగా, ప్రిదేరి మిత్రునిగా నీయెడ ఏ తప్పును చేయనని మనవిడన్ ప్రమాణము చేసెను. పుయిల్ రాత్రులలో చేసిన ప్రమాణమే యిది, ఈ మారు నోటితో చెప్పబడినది.

మనవిడన్ వీరుడు కాడు, ఓర్పరి. గోధుమ విత్తెను, పండిన చేలు రెండును రాత్రికి రాత్రి ఎలుకల పాలయ్యెను. మూడవ చేను వద్ద కావలియుండి, పరుగెత్తలేని ఒక బరువైన ఎలుకను తన చేతితొడుగులో పట్టి, దొంగకు తగిన శిక్షగా ఆర్బెర్త్ దిబ్బపై ఉరివేయుటకు చిన్న గుంజలు పాతెను. ఎలుకను ఉరితీయుట మీ వంటివారికి తగునా, విడువుడని ఒక పండితుడు ఒక పౌను ఇచ్చెదననెను, తరువాత వచ్చిన పురోహితుడు మూడు పౌన్లనెను, పిదప పరివారముతో వచ్చిన బిషప్పు ఏడు పౌన్లతో మొదలుపెట్టి ఇరువదినాలుగు వఱకు పెంచి, తుదకు గుఱ్ఱములను సామానును ఇచ్చెదననెను. ఆ బిషప్పు లూయిడ్ అను మాయావి, గ్వౌల్ మిత్రుడు. సంచిలో జరిగిన అవమానమునకు ప్రతీకారముగనే డవెడ్ పై మాయ పన్నినవాడు. ఆ ఎలుక గర్భవతియైన వాని భార్య. మనవిడన్ తొందరపడలేదు. రియానన్‌ను ప్రిదేరిని విడువవలెననెను; ఒప్పుకొనిన పిదప, డవెడ్ పై మాయ తొలగింపవలెననెను; అదియు ఒప్పుకొనగా, ఇక ఎన్నడును ఈ సీమపై మాయ పన్నరాదనెను; దానికిని సరేయనగా, ఈ పనికిగాను రియానన్‌పై గాని ప్రిదేరిపై గాని తనపై గాని ఎన్నటికిని పగ తీర్చుకొనరాదని చివరి షరతు పెట్టెను. ఆ చివరిది అడుగకుండినచో కీడంతయు నీ తలపైననే పడియుండెడిదని లూయిడ్ ఒప్పుకొనెను. తల్లియు కొడుకును ఎదురుగా వచ్చి నిలిచినవఱకు మనవిడన్ ఎలుకను చేతినుండి విడువలేదు.